వెనక్కి నడిచే సారు

డ్రిల్లు సారు పోయాడన్న మాట మా చెల్లెలు చెంగమ్మ నోటనే విన్నాను. అది వాకాడు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నడవలో చతికిలబడింది.

"సారు పోయినాడక్కా. నిన్న మట్టి చేసినారు" అంది.

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చేట పక్కన పెట్టి మొదట చేసిన పని, మెడ తిప్పి నా వెనక చూసుకోవడం. గోడ ఉంది. గోడ కాక ఏముంటుంది నా మొహం? అయినా చూశాను. ఆయన తలపుకొస్తే ఇప్పటికీ అట్లాగే చూస్తాను. ఇన్నేళ్ళయినా వదలని అలవాటు అది.

మా ఊరు వాకాడుకు తూర్పున, కాలవకు ఇవతల ఉంటుంది, కాలవ దాటితే సముద్రం. ఏటా పెద్ద పరీక్షలకు ముందు బోర్డు బడి పిల్లలందర్నీ సారు సముద్రానికి తీసుకుపోయేవాడు. మిగతా అయ్యవార్లయితే తాము ముందు నడుస్తారు, పిల్లలు వెనక వస్తారు. ఈయనా ముందే నడిచేవాడు గానీ మొహం మా వైపు ఉండేది. అంటే వెనక్కి నడిచేవాడు. ఇసకలో, ముళ్ళలో, సరుగుడు తోపుల్లో, కాలవ గట్టు మీద, ఊరి నుంచి అలల దాకా అట్లా వెనక్కే. ఒకసారి గట్టు మీంచి జారి బకింగ్‌హామ్ కాలవలో పడ్డాడు. ఉప్పు పడవల వాళ్ళు పడీపడీ నవ్వారు. మేం నవ్వలేదు. నవ్వితే ఎవరికి మూడుతుందో తెలియదు కదా. ఆయన నడుంలోతు నీళ్ళలో లేచి నిలబడి, మీసాల నీళ్ళయినా తుడుచుకోకుండా మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే చూసుకున్నాడు. అందరూ ఉన్నారని తేలాకే గట్టెక్కాడు.

"ముందు చూసేదానికి అందరికీ కండ్లుండాయి. ఎనక చూసేదానికి ఎవురుండారు?" అనేవాడు. ఈ మాట ఆయన నోట్లో నానుతూనే ఉండేది. బడి పిల్లలు ఆయన లేని చోట ఒకళ్ళనొకళ్ళు ఇదే మాటతో ఏడిపించుకునేవాళ్ళు.

మనిషి పొడుగు, బక్కపలచన. మిలిటరీలో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చాడు గనక ఖాకీ నిక్కరు, గంజి పెట్టిన చొక్కా వదల్లేదు. ఆదివారం చర్చికి కూడా అవే. మెడలో ఈల వేలాడేది గానీ ఊదడం తక్కువ, ఆ గొంతుకు ఈల దేనికి? ఇంకొక సంగతి, ఆయన మూట ముట్టడు. సంతకు పోతే బుట్ట భార్య నెత్తిన ఉండాల్సిందే. ఆయన చేతులూపుకుంటూ, ఆమెకు ఎదురుగా, ఆమెను చూసుకుంటూ వెనక్కి నడిచేవాడు. "చూడు, మిలిటరీ గర్వం. పెండ్లాం మోస్తావుంటే దొరబాబు చూస్తావుండాడు" అని ఊళ్ళో ఆడవాళ్ళు మూతులు తిప్పేవాళ్ళు. మా అవ్వయితే నాలుగాకులు ఎక్కువే తినేది. "చేతులు పడిపోయినాయా ఆయనకి" అనేది, ఆయనకు వినబడేట్టుగానే.

అన్నిటికన్నా నాకు భయం వేసింది మాత్రం పేర్ల దగ్గర. మా వైపు ఆడపిల్లకు పేరు పెట్టడం పెద్ద తంతు. తీరా ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఉండరు. అందరం అమ్మీలమే. పెద్దమ్మి, చిన్నమ్మి, నల్లమ్మి, ఎర్రమ్మి. సారు ఒక్కడే ఆ మాట నోటితో అనేవాడు కాదు. పలకా బలపం పట్టిన పిల్లనైనా సరే నిండు పేరుతోనే పిలిచేవాడు. నేను బడిలో చేరిన కొత్తలో "రాజ్యలక్ష్మీ" అని కేక వేశాడు. ఎవర్నో అనుకుని నేను కదల్లేదు. ఆయన దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగి, "నీ పేరు నీకే తెలీకపోతే నిన్నెవురు ఎతుకుతారు?" అన్నాడు. నవ్వుతూ అనలేదు. తప్పిపోతానని అంతవరకూ నాకు తోచనే లేదు. ఆ పూట నుంచీ తోచింది.

మా నాయన మిలిటరీలో లారీ నడిపేవాడు. చైనా యుద్ధం అయిపోయి ఏళ్ళు గడిచినా ఆయన ఆ మంచుకొండల్లోనే ఉండిపోయాడు. ఎప్పుడో సెలవకొస్తే మీసాల మనిషి ఎవరో వచ్చాడని చెంగమ్మ గాదె వెనక దాక్కునేది. నేనూ దాక్కునేదాన్నే గానీ పెద్దదాన్నని నటించేదాన్ని. నేను అయిదో తరగతి చదివే ఏడు నాయనకు జబల్పూరు బదిలీ అయింది. అక్కడ ఉండటానికి ఇల్లు ఇచ్చారట. బడి మూసెయ్యగానే పిల్లల్ని తీసుకుని రమ్మనీ, తనకు సెలవ దొరకలేదనీ, గూడూరులో ఢిల్లీ బండి ఎక్కితే ఇటార్సీలో దించుకుంటాననీ జాబు రాశాడు.

అమ్మ సూళ్ళూరుపేట దాటి ఎరగదు. ఇటార్సీ అన్న మాట పలకడానికే ఆమెకు రెండు రోజులు పట్టింది. ఊళ్ళో వాళ్ళు తలా ఒక పిడికెడు భయం తెచ్చి మా ఇంట్లో పోసిపోయారు. ఎక్కడో ఏటి మీద వంతెన కడుతున్నారట, స్తంభం నిలవాలంటే పిల్లల్ని బలివ్వాలట, అందుకని స్టేషన్లలో గోనెసంచులు పట్టుకుని తిరుగుతున్నారట. నేను నమ్మాను. అమ్మ నమ్మలేదని చెప్పింది గానీ, చెంగమ్మ కాస్త కనబడకపోతే ఆమె మొహం పాలిపోయేది. అప్పటికి చెంగమ్మకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టిన పిల్ల.

నా పేరు బడి నుంచి తీసేసే కాయితం కోసం అమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని బడికి పోయింది. సారు వేపచెట్టు కింద పిల్లల చేత డ్రిల్లు చేయిస్తున్నాడు. విషయం విని దగ్గరికి వచ్చాడు.

"ఒంటిగా పోతావుండారా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

"యాడ ఎక్కుతారు?"

"గూడూర్లో అంట సారూ."

ఆయన చెట్టు మానుకు చెయ్యి ఆనించాడు. చివరికి "రేపట్నుంచి పొద్దుగూకే ముందర ఈడికి రాండి. ముగ్గురూ రావాల" అన్నాడు. ఎందుకని అమ్మ అడగలేదు. ఆ గొంతుతో చెప్తే ఎవరూ అడగరు.

ఆ ఏటి బడి చివరి రోజులు నాకు అట్లా మిగిలిపోయాయి. పరీక్షలు అయిపోయి పిల్లలందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు ఇంకు చల్లుకుంటుంటే, మేం ముగ్గురం సాయంత్రపు ఎండలో రైలెక్కుతున్నాం. రెండు బెంచీలు ఎదురుబొదురు వేస్తే అది పెట్టె. మధ్య సందు తలుపు. పెద్ద తరగతి పిల్లల్ని సారు జనంగా ఉండమన్నాడు. తోసుకోండిరా అంటే వాళ్ళకు పండగే కదా, మా మీద పడి తెగ తోశారు. మేం ఆ తోపులాటలో వరస తప్పకుండా ఎక్కాలి. అమ్మ ముందు, చెంగమ్మ మధ్య, నేను చివర.

నడిచేటప్పుడు పిలుపులు ఉండాలన్నాడు. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోకూడదట. "నువ్వుండావని నీకు తెల్సు. నీ ఎనక ఉండే మనిషి ఉందా లేదా అది జెప్పు" అన్నాడు. అంటే అమ్మ వెనక్కి చూసి చెంగమ్మ పేరు పిలవాలి. తన పేరు వినగానే చెంగమ్మ నా పేరు చెప్పాలి. నేను నా వెనక చూసి, "నా ఎనక ఎవురూ లేరు" అనాలి. అదీ వరస. ఎవరైనా తప్పిపోతే తిరగకూడదు. ఎక్కడ తప్పిపోయామో అక్కడే కూర్చోవాలి. పేరు వినబడితే మాత్రం తన వంతు మాట అరవాలి.

నా వెనక ఎవరూ లేరని రోజూ అనడం నాకెంత భయమో చెప్పలేను. ఆ మాట అంటున్నప్పుడల్లా నా వీపు మీద ఎవరో ఊపిరి వదిలినట్టుండేది. చెంగమ్మకు మాత్రం అది ఆట. రాజ్యలక్ష్మి అనడానికి నోరు తిరక్క "లాజ్యం" అని గొంతు చించుకునేది.

వచ్చిన చిక్కల్లా అమ్మతో. మా చెంగమ్మకు పెట్టింది మా అవ్వ పేరు, అంటే నాయన తల్లి పేరు. మొగుడి పేరూ అత్తమామల పేర్లూ ఆడది నోటితో అంటే వాళ్ళ ఆయుష్షు తరుగుతుందని మా వైపు గట్టి నమ్మకం. అమ్మ కాపరానికి వచ్చిన నాటి నుంచీ ఆ పేరు పలికి ఎరగదు. సూళ్ళూరుపేట చెంగాలమ్మ తిరునాళ్ళకు పోయినా 'పేట అమ్మవారు' అనేది. చీర చెంగును కూడా కొంగు అనే అనేది తప్ప చెంగు అనేది కాదు. అట్లాంటి మనిషిని నలుగురిలో నిలబెట్టి, చెంగమ్మా అని అరవమంటే ఏం చేస్తుంది? వెనక్కి తిరిగేది, నోరు తెరిచేది, కొంగు అడ్డం పెట్టుకునేది. "చిన్నమ్మీ" అనేది గొణుగుతున్నట్టు.

"చిన్నమ్మి కాదు. పేరు."

"నోరు రాదు సారూ."

"మళ్ళీ మొదట్నుంచి."

మళ్ళీ బెంచీలు, మళ్ళీ తోపులాట. ఎన్నిసార్లయినా ఆ సందు దగ్గరకొచ్చేసరికి అమ్మ గొంతు పడిపోయేది. ఒక సాయంత్రం ఆమె ఏడ్చేసింది. సారు జాలిపడలేదు. "ఈడ ఏడిస్తే పరవాలేదు, ఆడ ఏడవకూడదు" అన్నాడు. నాకు ఆయన్ని కొరికెయ్యాలన్నంత కోపం వచ్చింది. కోపమూ భయమూ ఒకటే ఇంట్లో ఉంటాయి కదా చిన్నప్పుడు.

సంగతి అవ్వ చెవిన పడింది. మర్నాడు చేతికర్ర పట్టుకుని బడికి వచ్చేసింది.

"ఏమయ్యా సారూ, నా కోడలు నా పేరు పెట్టి ఈదిలో అరవాలనా? అది నా నెత్తిన మన్ను పోసినట్టు గాదా?"

"మన్నేం పొయ్యదు తల్లీ. నీ మనవరాల్ని పిలస్తాది."

"చెంగమ్మా అని కేకేస్తే గూడూర్లో నలుగురు చెంగమ్మలు తిరిగి చూస్తారు. ఈమాత్రానికి పేరేల?"

"నలుగురు తిరిగితే నలుగుర్లో మన బిడ్డ ఒకటి" అన్నాడు సారు. "అమ్మీ అంటే స్టేషనంతా అమ్మీలే. అందరమ్మలూ అదే అరస్తావుంటారు. ఏ బిడ్డా తిరగదు."

అనేసి ఆయన మొహం తిప్పుకున్నాడు. మాతో ఉన్నప్పుడు ఆయన మొహం తిప్పుకోగా నేను చూడటం అదే మొదలు. అవ్వ ఇంకేదో అనబోయి, ఆయన వీపు చూసి, ఏం తోచిందో ఆగింది. కానీ అమ్మ రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. "రేపట్నుంచి పోబాకండి" అని మాకూ చెప్పింది.

మా ప్రయాణానికి ముందు రోజు సారు భార్య మా ఇంటికి వచ్చింది. నెమ్మది మనిషి. ఊళ్ళో ఎవరింటికీ పోయేది కాదు. అమ్మ దారికి పులిహోర కలుపుతుంటే పక్కన కూర్చుని, అడక్కుండానే చింతపండు పిసికి ఇచ్చింది. కరివేపాకులో ఎండినవి కూడా ఏరింది. అవ్వ గడప మీద కూర్చుని ఇటు చూడనట్టు విసనకర్ర విసురుకుంటోంది.

"మా పాపకి మా అత్త పేరు పెట్టినాం చెల్లీ" అందామె.

వాళ్ళకొక పాప ఉండేదని మాలో ఎవరికీ తెలియదు. వాళ్ళు మా ఊరికి ఇద్దరే వచ్చారు.

"మేమూ నీ మాదిరే పోతావుండాం. పూనాకి. ఆ గూడూరే. ఆయన నెత్తిన పెట్టె, భుజాన పరుపుచుట్ట. మెడ తిరగదు గదా. ముందు నడస్తావుండాడు. పాప నా కొంగు పట్టుకోని ఉంది. బండి వచ్చినాక చూస్తే కొంగు ఉంది, పాప లేదు." ఆమె చేతులు కడుక్కుంది. కడుక్కుని మళ్ళీ చింతపండులోనే పెట్టింది. "నేను పిలిచినా. అమ్మీ, అమ్మీ అని గొంతు పొయ్యేదాకా పిలిచినా. అత్త పేరు ఎట్టా పిలిచేది? అప్పుడు గూడా నోరు రాలేదు చెల్లీ. ఆయన బయట ఎతకతావుండాడు, లోపల నేను అమ్మీ అంటావుండా. ఆ స్టేషన్లో ఎంతమంది అమ్మీలో. అందరూ వాళ్ళ వాళ్ళ అమ్మల దగ్గరకి పోయినారు."

అమ్మ గరిటె వదిలేసింది. "దొరకలేదా అక్కా?" అంది.

"ఇప్పుడు పిలస్తావుండా. దినామూ దీపం పెట్టేటప్పుడు పేరు పెట్టి పిలస్తా" అందామె. ఆ పేరేమిటో మాత్రం చెప్పలేదు. ఇంకాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

అవ్వ విసనకర్ర ఎప్పుడో ఆగిపోయింది. నేను తలుపు చాటున నిలబడి చెంగమ్మ జడ గట్టిగా పట్టుకున్నాను. అది నొప్పని ఏడ్చినా వదల్లేదు. సారు కాలవలో నిలబడి మమ్మల్ని చూసుకోవడం, మూట ముట్టకపోవడం, అన్నీ ఒక్కసారే నా మీద పడ్డాయి. అంతవరకూ ఆయనంటే భయం. ఇప్పుడు ఆయనకున్న భయమే నాకూ పట్టుకుంది. ఇది మరీ అధ్వాన్నం.

మర్నాడు వాకాడులో బస్సు దగ్గర సారు నిలబడి ఉన్నాడు. ఎవరూ రమ్మనలేదు. చొక్కా మడతలు కత్తి మాదిరి ఉన్నాయి. సాగనంపడానికి వచ్చిన అవ్వ ఆయన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. బస్సులో ఆయన మా ముందు సీట్లో వెనక్కి తిరిగి, మోకాళ్ళ మీద నిలబడి గూడూరు దాకా వచ్చాడు. కండక్టరు కూర్చోమని కసిరినా వినలేదు.

గూడూరు ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టేముందు ఆయన ఆగాడు. కూలీ మా పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోతున్నాడు, అమ్మ తొందరపడుతోంది, ఆయన గేటు కమ్మీ పట్టుకుని కదలడం లేదు. అంత ఎండలో చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. మెడలో ఈల చిన్నగా గలగలమంటోంది. ఎవరూ ఊదకుండా అదెట్లా మోగుతుందా అని చూస్తే, ఆయన రొమ్ము వణుకుతోంది. తర్వాత మా వైపు తిరిగి, "పదండి" అని వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. జనానికి తగిలాడు, తిట్లు తిన్నాడు, తోపుడుబండికి గుద్దుకున్నాడు. కళ్ళు మాత్రం మా మీద నుంచి తీయలేదు.

బండి రావడానికి ముందు చెంగమ్మ అవ్వ చంకనుంది. ఇక మళ్ళీ ఎప్పుడు చూస్తుందో అని అవ్వే ఎత్తుకుంది. బండి కూతకి జనం ఒక్కసారి లేచారు. ఎటుచూసినా మూటలే. మమ్మల్ని పెట్టె తలుపు దాకా ఆ జనమే నెట్టుకొచ్చారు. అమ్మ నన్ను పైకి తోసి, "చిన్నమ్మిని ఇయ్యి అత్తా" అని చేతులు చాచింది.

"నీకే ఇచ్చినా గదే, నీ పక్కనే దించినా" అంది అవ్వ.

అమ్మ చుట్టూ చూసింది. నేను పై నుంచి చూశాను. తలలూ తట్టలూ తప్ప ఏమీ లేవు. గోనెసంచులున్నాయి, ఎన్నో గోనెసంచులు.

"చిన్నమ్మీ" అంది అమ్మ. గట్టిగానే అంది. "అమ్మీ, అమ్మీ."

ఒకామె తిరిగి చూసింది. అటు పక్క ఎవరో తల్లి అదే మాట అరుస్తోంది. ఇంకెవరో అమ్మాయి ఆమె దగ్గరికి పరుగెత్తింది. అంతా సారు భార్య చెప్పినట్టే జరుగుతోంది. సారు ఏదో ఒకటి చేస్తాడని ఆయన వైపు చూశాను. ఆయన మొహం తెల్లబడిపోయింది. ఈల నోట్లో పెట్టుకున్నాడు, ఊపిరి రాలేదు. దాన్ని ఉమ్మేసి జనంలో పడి పరుగెత్తాడు.

"ఎస్తేరమ్మా" అని అరిచాడు. "ఎస్తేరమ్మా, ఎస్తేరూ."

ఇంతమందికి ఇన్ని పేర్లు నేర్పిన మనిషి. మా చెల్లెలి పేరు కాదు అది. అది ఎవరి పేరో మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఆ కేక ఎట్లాంటిదంటే, కూలీలు కూడా దారి ఇచ్చారు.

అవ్వ కర్ర పారేసి అమ్మ గడ్డం పట్టుకుంది. "పిలువు. నా పేరే గదా, నేనేం అరిగిపోను. పిలవ్వే నా తల్లీ."

అమ్మ నోరు తెరిచింది. మొదట గాలి వచ్చింది. తర్వాత, "చెంగమ్మా" అంది. నేను మా అమ్మ గొంతు అంత పెద్దదని ఎరగను. "చెంగమ్మా. ఒసే చెంగమ్మా." పక్కన అవ్వ కూడా తన పేరు తనే పెట్టి అరుస్తోంది. ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు తిరిగి చూశారు, ఆయన చెప్పినట్టే.

నీళ్ళ కుళాయి వైపు నుంచి, జనం కాళ్ళ మధ్య నుంచి, సన్నగా వినబడింది.

"లాజ్యం."

నేను ఏడుస్తూ, ఆ వరస ఎట్లా వచ్చిందో నాకే తెలియదు, "నా ఎనక ఎవురూ లేరు" అని అరిచాను.

కుళాయి కింద బురదలో బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఎవరి కొంగో పట్టుకుని అంత దూరం పోయిందట. మొహం చూసి మా కొంగు కాదని తెలిశాక, సారు చెప్పినట్టు ఉన్నచోటే కూర్చుంది. అమ్మ పరుగున పోయి దాన్ని ఎత్తుకుని వీపు మీద నాలుగు బాది ముద్దులు పెట్టుకుంది. ఎవరో ఆ ఇద్దర్నీ పెట్టెలోకి లాగారు. బండి కదిలింది.

అప్పటికీ సారు ఆగలేదు. కిటికీలోంచి చూస్తే ఆయన ప్లాట్‌ఫారం చివరికి పోతున్నాడు. దొరికిందని ఆయనకు తెలియదు. మేం అరిచినా వినబడలేదు. అవ్వ వెనకాల పరుగెత్తుతోంది, "దొరికింది నాయనా, దొరికింది" అంటూ. ఆయన వీపు నాకు కనబడుతోంది. మా వైపు చూడకుండా ఆయన ముందుకు నడవడం నేను చూసింది అదొక్కసారే. ఆ పేరు పిలుస్తూనే ఉన్నాడు. ఇటార్సీలో నాయన మీసాలు చూసి చెంగమ్మ భయపడింది గానీ నేను భయపడలేదు. నా దగ్గర అప్పటికి భయం మిగల్లేదు.

తర్వాత అమ్మ చెంగమ్మను మళ్ళీ చిన్నమ్మి అనలేదు. అవ్వ కూడా ఆ పేరు వింటూ ఏళ్ళ తరబడి నిక్షేపంగా బతికింది. చెంగమ్మ మాత్రం పెళ్ళయి తిరిగి వాకాడుకే పోయింది. పండగకో పబ్బానికో సారు ఇంటికి పోయి వచ్చేది. చివర్లో ఆయనకు చూపు ఆనకపోయినా, ఇది గడపలో అడుగుపెడితే "చెంగమ్మా, నీ ఎనక ఎవురు?" అని అడిగేవాడట. ఇది పిల్లల పేర్లు చెప్తేనే లోపలికి రానిచ్చేవాడట.

"సారింట్లో ఆమె ఎట్టుంది?" అని అడిగాను.

"ఏడవలేదక్కా" అంది చెంగమ్మ. "గుంతలో దించినాక, మన్ను పోసే ముందర, పక్కకు పొమ్మని అందర్నీ జరిపింది. అంచున నిలబడి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది."

"పేరు పెట్టా?"

"ఊఁ. గట్టిగా. ఈదికి ఇనబడేట్టు."

ఆ పేరు చెంగమ్మ నాకు చెప్పింది. ఇన్నేళ్ళకు మొదటిసారి విన్నాను. ఇక్కడ రాయను. ఆమె ఒక్కసారి పిలిచిన పేరు అది, ఆమె దగ్గరే ఉండనీ.

"పిలిచి?"

"పిలిచి ఆగింది. ఆయన వంతు గదా."

పేరు వినబడ్డ మనిషి తన వెనక ఉన్న వాళ్ళ పేరు చెప్పాలి, అదీ ఆయన నేర్పిన వరస. తర్వాత చెంగమ్మ ఒక్కొక్క చెప్పే విడిచి, పక్కన పెట్టి, వీధి గుమ్మం వైపు చూస్తూ, ఆయన వంతు తను తీసుకుని మెల్లిగా అంది.

"ఎస్తేరమ్మా."